కుచ్చిళ్ల కొట్టం

శిథిలావస్థ. జిల్లా విలేకరిగా పనిచేసినన్నాళ్లూ ఈ మాట ఎన్నిసార్లు రాశానో నాకే తెలియదు. బడి గదుల గురించి రాశాను, వంతెనల గురించి రాశాను, నీళ్ల ట్యాంకుల గురించి రాశాను. రాసే ముందు వెళ్లి చూసేవాణ్ని, గోడ మీద చెయ్యి వేసేవాణ్ని. పెచ్చులు ఊడుతుంటే ఊడుతున్నాయని రాశాను. ఊడకపోతే ఆ వార్త రాయలేదు. అందుకే అదే మాట మా ఊరి నేత సంఘం కొట్టం తలుపుకు అంటించిన కాగితం మీద కనిపించినప్పుడు నాకు ఒళ్లు మండింది. అంటించినవాళ్లు లోపలికి వెళ్లి చూడలేదు. తలుపు తీసే ఉంది. లోపల మా మేనత్త మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూనే ఉంది.

మోత్కూర్ నుంచి లోపలికి పోయే దారిలో ఉంటుంది మా ఊరు. తెలంగాణ వచ్చాక జిల్లాలు చిన్నవయ్యాయి, మండలాలు పెరిగాయి, ఆఫీసులు పెరిగాయి, ఆఫీసులకు జాగా కావాల్సి వచ్చింది. ఊరి నడుమ, రోడ్డును ఆనుకుని, అంత పొడుగు జాగా ఉన్నది మా కొట్టానికే. దాన్ని కూలగొట్టి ఆఫీసుల భవనం కడతారు, అందులో నేతవాళ్లకు ఒక గది ఇస్తారు. కాగితంలో ఉన్నదంతా ఇదే. రాష్ట్రం కావాలని మేము టెంటు వేసుకుని దీక్షల్లో కూర్చున్నది ఆ కొట్టం ముందే. వాన వస్తే లోపలికి వెళ్లి మగ్గాల మధ్య కూర్చునేవాళ్లం. అదే రాష్ట్రం పేరు పైన పెట్టుకుని ఆ కాగితం వచ్చింది.

మా అత్త సంఘానికి అధ్యక్షురాలు. అంటే, మిగిలిన అరడజను మగ్గాలకు అధ్యక్షురాలు. ఒకప్పుడు ఆ కొట్టం నిండా మగ్గాలే. ఇప్పుడు చాలామంది పిల్లలు చిట్యాల ఫ్యాక్టరీల్లో పనికి పోతున్నారు, కొందరు హైదరాబాద్‌లో ఉన్నారు. అది నేను కాదనను. కానీ ఉన్నవాళ్లకు ఆ కొట్టం లేకపోతే నేత లేదు. ఎందుకో చెప్పాలంటే ముందు పడుగు గురించి చెప్పాలి.

చీరకు నిలువునా ఉండే దారాలు పడుగు, అడ్డంగా పోయేవి పేక. మగ్గం ఎక్కించే ముందు పడుగును వీధి పొడుగునా చాపి, రెండు కొసలా బిగించి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. తెల్లారగట్ల, గాలి లేవకముందే ఆ పని అయిపోవాలి. చినుకు పడిందా, పడుగు పోయినట్టే. మా ఇళ్లలో చిన్నప్పటి నుంచి ఒక కట్టడి ఉంది. చాపిన పడుగును దాటకూడదు. అవతలికి పోవాలంటే వంగి కింద నుంచి పోవాలి, లేదా చుట్టు తిరిగి పోవాలి. ఎవరైనా దాటితే, ఆ పడుగు ఆరేదాకా వాళ్లే కొస పట్టుకుని నిలబడాలి. నేసినాక ఆ బట్టను పెళ్లికి అమ్మరు. పిల్లలుగా మేమందరం ఎప్పుడో ఒకప్పుడు ఆ కొస పట్టుకున్నవాళ్లమే.

ఒక అమెరికాయన కూడా పట్టుకున్నాడు.

అరవైలలో అనుకుంటాను, నేను ఇంకా పుట్టలేదు. చేనేత సంఘాలకు మంచి షెడ్లు గీసి పెట్టడానికి ఒక అమెరికా ఆర్కిటెక్టును పంపారు. ఆయన నల్లగొండలో కిరాయి ఇంట్లో ఉండేవాడు, జీపులో ఊళ్లు తిరిగేవాడు. తెల్లవాడు కాబట్టి ఆయన్ను దొర అనాల్సింది. కానీ దొర అంటే మాకు గడీలో ఉండే భూస్వామి. ఇతను గడీకి పోలేదు, నేరుగా మా వీధికి వచ్చాడు. అందుకని తెల్ల మేస్త్రి అన్నారు. ఇప్పటికీ అదే పేరు.

మొదటి రోజు పొద్దున్నే వచ్చాడు. మా తాత పడుగు వీధి పొడుగునా చాపి ఉంది. ఆయనకు ఫోటో అవతలి వైపు నుంచి కావాల్సి వచ్చింది. పొడుగు కాళ్ల మనిషి, ఒక్క అంగలో దాటేశాడు. కుంచెలు పట్టుకున్న చేతులన్నీ ఆగిపోయాయి. మా అత్త అప్పుడు చిన్నపిల్ల, గంజి గిన్నె పట్టుకుని పక్కనే ఉంది. తాత కుంచె కింద పెట్టాడట. వెళ్లి కొసకున్న తాడు విప్పి, తెచ్చి ఆయన చేతిలో పెట్టాడట.

తర్వాత ఏం జరిగిందో ఊళ్లో ముగ్గురు మూడు రకాలుగా చెప్తారు. ఏడ్చాడని ఒకరు, ఎండకు పడిపోయాడని ఒకరు. మా అత్త చెప్పేదే నేను రాస్తున్నాను, ఆమె అక్కడ ఉంది కాబట్టి. ఆయన మంచినీళ్లు అడిగాడు, అంతే. పడుగు ఆరేదాకా నిలబడ్డాడు. నిలబడి అంతా చూశాడు. మనుషులు ఎట్లా వంగి పోతున్నారో, ఎడ్లబండిని ఎక్కడ ఆపుతున్నారో, మబ్బు పడితే అందరూ తల ఎత్తి ఎటు చూస్తున్నారో చూశాడు. మర్నాడు, తెచ్చుకున్న పటం మడిచి జీపులో వేసేసి, కొత్తది గీయడం మొదలుపెట్టాడు. పాత పటంలో చదరపు ఇల్లు, చుట్టూ మగ్గాలు, నడుమ తలుపు ఉండేవట. కొత్త పటంలో కొట్టం పొడుగు పడుగంత. ఒక కొసకు ఒక తలుపు, రెండో కొసకు రెండో తలుపు, రెండూ ఎదురెదురుగా. నడుమ ఒక్క స్తంభం లేదు. వానాకాలంలో వీధి మొత్తం ఇంట్లోకి వచ్చినట్టు.

స్తంభం లేకుండా కప్పు ఎట్లా నిలబడుతుందని మావాళ్లు అడిగితే, ఒక పాత పేపరు తీసి కుచ్చిళ్లలా మడిచి, రెండు రాళ్ల మీద పెట్టి, పైన ఇంకో రాయి పెట్టి చూపించాడట. మడవని పేపరు వంగిపోయింది, మడిచింది మోసింది. కప్పు అట్లాగే కట్టారు. పలచటి కాంక్రీటు, మడతలు మడతలుగా. ఉత్తరం దిక్కు ఒక్కో మడత కింద ఒక్కో అద్దం. ఎండ రాదు, వెలుతురు వస్తుంది. రంగు దారం ఏదో, దాని పక్కది ఏదో మిట్టమధ్యాహ్నం కూడా తేడా తెలుస్తుంది. రోడ్డు మీద నుంచి చూస్తే ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు పోసి చేత్తో పట్టుకున్నట్టు ఉంటుంది. అందుకే కుచ్చిళ్ల కొట్టం.

కప్పు పోసిన రోజు కింది వాడ ఆడవాళ్లు కాంక్రీటు గంపలు మోశారు. మధ్యలో ఆపితే అతుకు పడుతుందని తెల్ల మేస్త్రి చెప్పాడు కాబట్టి పొద్దుగూకే దాకా ఆపలేదు. ఆ రోజు అన్నం మా నేతవాళ్ల ఇళ్లలో వండారు. నేసేవాళ్లూ, మోసేవాళ్లూ కొట్టంలో ఒకే బంతిలో కూర్చుని తిన్నారు. అంతకు ముందు మా ఊళ్లో అట్లా జరగలేదు. చెప్పాలంటే తర్వాత కూడా చాలాకాలం జరగలేదు.

కాగితం వచ్చిన వారం నేనూ అత్తా ఆ పని చూసే ఇంజనీరు దగ్గరికి వెళ్లాం. హుజూర్‌నగర్ దిక్కు మనిషి, మర్యాదస్తుడు. లేచి కుర్చీ వేశాడు. ఆ కప్పు రకం తనకు తెలుసనీ, కాలేజీలో చదువుకున్నాననీ, అట్లాంటిది మన పక్కన ఉందంటే నమ్మలేదనీ అన్నాడు. నాకు ఆశ పుట్టింది. అంతలోనే చేతులు రెండూ బల్ల మీద పెట్టాడు.

“కాని దీని డ్రాయింగు లేదు అన్నా. లోపల ఎంత ఇనుప సలాక ఉన్నదో ఎవలకు ఎరుక? కాగితం లేని బిల్డింగు నిలవడుతదని నేను సంతకం పెట్టలేను.”

“మరి కూలగొట్టడానికి?” అని అడిగాను.

ఆయన కిటికీ వైపు చూశాడు. “దానికైతే డ్రాయింగు అక్కరలేదు,” అన్నాడు.

 కొత్త భవనంలో ఇచ్చే గది ఎంత ఉంటుందో అత్త అడిగింది. ఆయన ఇటు గోడ, అటు గోడ చూపించి ఇంతకు కొంచెం పెద్దదే అన్నాడు. “గీండ్ల పడుగు ఎట్ల సాపుదు బిడ్డా? మడిసి సాపాల్నా?” అంది. గుమాస్తా నవ్వాడు. ఇంజనీరు నవ్వలేదు. తన చేతుల్లో ఏమీ లేదని మళ్లీ చెప్పాడు.

దారిలో ఆమె నాతో ఒక్క మాటే అంది. “నేనైతే గుంటల నుంచి లేవ, అల్లుడా.”

ఆ రోజుల్లోనే హైదరాబాద్ నుంచి ఒకావిడ వచ్చింది. భవనాల చదువు చెప్పే టీచరు. మా తెల్ల మేస్త్రి మీద పరిశోధన చేస్తోంది. కొట్టం ముందు ఆటో దిగి, కప్పు వైపు చూస్తూ అట్లాగే నిలబడిపోయింది. ఆటోవాడు కిరాయి అడిగినా వినిపించుకోలేదు. సంగతేమిటంటే, ఆయన కట్టిన వాటన్నిటి పట్టిక ఒకటి ఆయన దేశంలో ఉంది, అందులో మా కొట్టం కూడా ఉంది, దాని ఎదురుగా ‘ఇప్పుడు లేదు’ అని రాసి ఉంది. ఎవరు చెప్పారో, ఎవరు రాశారో తెలియదు. ఆవిడ కనీసం పునాది రాళ్లయినా చూద్దామని వచ్చింది. డ్రాయింగులు దొరుకుతాయా అని అడిగాను. మన దేశంలో చేసిన పనికి సంబంధించిన కాగితాలు ఒక్కటీ మిగల్లేదంది.

ఆయన జీవితం ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. అమెరికాలో గోధుమలు పండే చలి ప్రాంతపు చిన్న పట్నంలో పుట్టాడు. తండ్రి వడ్రంగి. రైతులకు గడ్డి దాచుకునే కొట్టాలు కట్టేవాడు. యుద్ధానికి వెళ్లి వచ్చి, సైనికులకు ఇచ్చే సాయంతో ఆర్కిటెక్చరు చదివాడు. యూరప్ నుంచి పారిపోయి వచ్చిన ఒక పెద్దాయన ఆఫీసులో గీతలు గీస్తూ పని నేర్చుకున్నాడు. గోడల మీద పువ్వులూ లతలూ వద్దు, ఏది బరువు మోస్తుందో అది కనిపించాలి అనే తరం వాళ్లది. ఒక డబ్బున్నాయనకు అద్దాల ఇల్లు కట్టిస్తే పత్రికల్లో ఫోటోలు వచ్చాయి, పేరు వచ్చింది. ఆ ఇల్లుగలాయన ఎండాకాలం ఉడికిపోతున్నానని తిట్టుకున్నాడట. పేరు వచ్చిన తర్వాత అట్లాంటి ఇళ్లే కట్టమని అడిగినవాళ్లను పంపించేసి, ఆ నడుమనే మా దేశం వచ్చాడు.

తిరిగి వెళ్లాక పుట్టిన పట్నంలో గ్రంథాలయం కట్టాడు. ఉత్త కాంక్రీటు, రంగు లేదు, పూత లేదు. కప్పుకు మడతలు. ఆవిడ ఫోటో చూపిస్తే మా అత్త ముందు చూసిందే ఆ మడతలు. “గిది మనదే గద,” అంది. పట్నంవాళ్లకు అది నచ్చలేదు. జైలులా ఉందన్నారు. ఆయన ముసలివాడయ్యాక ఊరంతా ఓట్లు వేసి దాన్ని కూలగొట్టాలని తీర్మానించారు. కూలగొట్టే రోజు ఆయన మడత కుర్చీ ఒకటి తెచ్చుకుని రోడ్డుకు ఇవతల కూర్చుని చివరిదాకా చూశాడట.  ఆ తర్వాత పెద్ద పనులేవీ రాలేదు. ఇనుప సామాన్ల దుకాణం పైన ఒక గదిలో ఆఫీసు పెట్టుకుని, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బతికాడు. మాకు తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు పోయాడు.

ఆ గది గోడ మీద ఎర్ర అంచు తువ్వాల ఒకటి అద్దంలో బిగించి ఉండేదనీ, అది ఎక్కడిదో ఆయన శిష్యులకెవరికీ తెలియదనీ ఆవిడ చెప్పింది. మా అత్తకు తెలుసు. దాటిన పడుగు బట్టను పెళ్లికి అమ్మరు కాబట్టి తాత దాన్ని తువ్వాలలుగా నేసి, ఒకటి ఆయనకు ఇచ్చాడు.

“అద్దంల పెట్టిండా?” అంది అత్త. “తుడుసుకొమ్మని ఇస్తే.”

నేను ఇదంతా వ్యాసంగా రాసి నా పాత పేపరుకు పంపాను. డెస్క్‌లో కుర్రాడు ఫోన్ చేసి, ఈయనకూ మన పాఠకులకూ ఏం సంబంధం అన్నాడు. కోటలూ గుళ్లూ అయితే వేరు, కాంక్రీటుకు వారసత్వం ఏమిటి అన్నాడు. రాజు కట్టించిందైతే కూలకూడదు, దేవుడు ఉన్నదైతే కూలకూడదు, పనిచేసేవాళ్లు కట్టుకున్నదైతే కూలవచ్చునా అని అడిగాను. చోటు తక్కువ ఉందన్నాడు. నాలుగు ముక్కలు మిగిల్చి, అందులో మా అత్త మాటలను పుస్తకాల భాషలోకి మార్చి వేశాడు. ‘నేను గుంటలో నుండి లేవను’ అట. ఆమె అట్లా అనలేదు, అట్లా అనదు. ఆ పేపరు నా దగ్గర లేదు. ఉంచుకోలేదు.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున కూలగొట్టే మిషను వస్తుందని తెలిసింది. అత్త ఎవరికీ ఫోన్ చేయలేదు, టెంటు వేయలేదు. తెల్లారేసరికి పడుగు చాపించింది. సగం లోపల, సగం బయట. ఒక కొస కొట్టంలో మగ్గం గుంజకు. రెండో కొస తలుపులో నుంచి బయటికి వచ్చి, రోడ్డు దాటి, అవతలి కరెంటు స్తంభానికి. ఒప్పుకున్న చీరల పడుగు అది, మంచి దారం. కొట్టం పక్క ఖాళీ జాగాలోకి మిషను రావాలంటే దాన్ని దాటాలి, వేరే దారి లేదు. అందరూ కుంచెలు పట్టుకున్నారు. విలేకరి వార్తలో ఉండకూడదని నేను ఎంతమందికి చెప్పానో. అత్త గంజి గిన్నె నా చేతికిచ్చింది. పట్టుకున్నాను.

మిషను వచ్చింది. వెనక జీపులో ఇంజనీరు వచ్చాడు. మిషను నడిపే మనిషి మా కింది వాడ వాడే, ముప్పై దాటి ఉంటాయి. పడుగుకు కొంచెం దూరంలో ఆపి, ఇంజన్ బందు చేసి, కిందికి దిగాడు. వంగి పడుగు కింద నుంచి ఇవతలికి వచ్చి అత్తను పలకరించాడు. ఇంజనీరు అటువైపే నిలబడి ఎంతసేపు పడుతుందని అడిగాడు.

“ఆరంగనే తీస్తం బిడ్డా,” అంది అత్త.

ఎండ ఎక్కింది. పడుగు ఆరబోయింది. అత్త నా వైపు చూసింది, గిన్నె ముందుకు పెట్టాను. మళ్లీ గంజి పట్టించారు. అది ఆరబోయింది, మళ్లీ పట్టించారు. బస్సు ఆగింది, ఆటోలు ఆగాయి. దిగినవాళ్లు వంగి కింద నుంచి నడిచి పోయారు. ఒక బైకు పిల్లగాడు బండిని పడుకోబెట్టి మరీ లాక్కుపోయాడు. ఎవరూ దాటలేదు. ఇంజనీరుకు విషయం అర్థమైంది. డ్రైవరును పక్కకు పిలిచి, నువ్వు దాటనక్కర లేదు, బండి దాటుతుంది కదా అన్నాడు.

“బండి దానంతట అది పోతదా సారు? నడిపేటోణ్ని నేనే గద.” అని, కప్పు వైపు తల ఎత్తి చూపించాడు. “మా అవ్వ మోసిన గంపలు గవి. గీ కొట్టంల కూసొని బువ్వ తిన్న అని సచ్చేదాకా చెప్పింది. వేరే డ్రైవర్‌ను చూసుకోండ్రి.”

వేరే డ్రైవరు కోసం ఫోన్లు చేశారు. చుట్టుపక్కల మిషన్లు నడిపేవాళ్లు అందరూ ఏదో ఒక ఊరి వాళ్లు, ఏదో ఒక నేత వీధి కట్టడి తెలిసినవాళ్లు. ఆ రోజు ఎవరికీ తీరిక దొరకలేదు. మధ్యాహ్నం దాటాక ఇంజనీరు జీపు ఎక్కాడు. ఎక్కే ముందు తను కూడా పడుగు దాకా వచ్చి, వంగి ఇవతలికి వచ్చి, కొట్టంలోకి వెళ్లి, కప్పు కింద ఆ కొస నుంచి ఈ కొసకు ఒకసారి నడిచాడు.  ఆయన కాగితం మీద ఏం రాశాడో గానీ, పని ‘పరిశీలనలో’ పడింది. ఇప్పటికీ అక్కడే ఉంది. రేపు మళ్లీ రావచ్చు. రానీ. మాకు గంజి కాచడం వచ్చు.

ఆ పడుగు మాత్రం పోయింది. గంజి మీద గంజి తాగి కట్టెలా బిగిసింది. చీరలకు పనికిరాదు. పారేయమన్నారు అందరూ. అత్త దాన్నే మగ్గం ఎక్కించింది. అడుగడుక్కూ దారం తెగుతుంది, ఆగి వేళ్లతో మెలిపెట్టి అతుకుతుంది, మళ్లీ పేక దారపు నాడె వేస్తుంది. ఎవరి కోసమని అడిగితే చెప్పదు.

హైదరాబాద్ టీచరు ఆ పట్టికవాళ్లకు రాసింది. ‘ఇప్పుడు లేదు’ అన్నది కొట్టేసి ‘ఉంది’ అని దిద్దమంది. రుజువు పంపమన్నారు. వాళ్లకూ ముందు డ్రాయింగే కావాలట. లేదంటే, లోపలి నుంచి తీసిన కొత్త ఫోటో అయినా సరేనన్నారు. నేను ఫోన్‌తో తీయబోయి, నిమిషం కదలకుండా కూర్చోమని అత్తను అడిగాను. ఆమె నాడె ఆపలేదు. ఫోటోలో కప్పు మడతలు చక్కగా పడ్డాయి, వెలుతురు పడింది, ఆమె చెయ్యి మాత్రం మసకగా వచ్చింది. అదే పంపాను. ఇంకా దిద్దలేదట.

ఆ సంగతి చెబితే అత్త తల ఎత్తలేదు. తెగిన దారం నోట తడుపుకుంటోంది.

“ఉన్నదాన్ని ఉన్నదని ఆళ్లు రాసేదేంది? నువ్వు జర పక్కకు జరుగు, వెల్తురుకు అడ్డమొస్తున్నవు.”